మూలరచన నుంచి సర్వరు దాకా

పరీక్షా ఫలితాలు వెలువడే రోజున లక్షలాది విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఒకే గంటలో ఒకే వెబ్‌సైటును తెరవడానికి ప్రయత్నిస్తారు. హాల్‌టికెట్ సంఖ్య నింపి బొత్తాము నొక్కిన తరువాత తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. పేజీ మాత్రం రాదు. ఇటువంటి వేళ ‘సర్వరు పడిపోయింది’ అనడం లోకంలో వాడుక. కాని ఒక్కొక్కసారి యంత్రం చెడిపోదు, విద్యుత్తు పోదు, తంతి తెగదు. వచ్చిన వారందరినీ ఒకేసారి ఆదరించే పద్ధతి మాత్రమే ఆ యంత్రానికి తెలియక పోతుంది. ఆ పద్ధతిని మార్చిన సాఫ్ట్‌వేర్లలో ప్రసిద్ధమైనది ‘ఇంజిన్ ఎక్స్’ అనే వెబ్ సర్వరు. దాని మూలరచన అందరికీ బహిరంగంగా లభిస్తుంది. ఆ రచనను తెచ్చుకొని, తమకు కావలసిన రీతిలో అమర్చుకొని, స్వయంగా నిర్మించుకోవడం ఎలాగో, అలా నిర్మించుకొన్న వారిపై పడే బాధ్యత ఎటువంటిదో ఈ పాఠంలో వివరించబడుతున్నది.

పదివేల మంది అతిథులు

1995లో వెలువడిన అపాచీ అనే సర్వరు తొలినాళ్ల వెబ్‌కు వెన్నెముకగా నిలిచింది. దాని సంప్రదాయ పద్ధతిలో వచ్చిన ప్రతి కనెక్షనుకు ఒక ప్రాసెస్ కేటాయించబడేది. ప్రాసెస్ అంటే కంప్యూటరులో నడుస్తున్న ఒక ప్రోగ్రాము ప్రతి. దానికి తనదైన స్మృతిభాగం కావాలి. ఒక్కొక్క ప్రాసెస్‌కు 5 మెగాబైట్ల స్మృతి అవసరమనుకొంటే, పదివేల కనెక్షన్లకు 50,000 మెగాబైట్లు కావాలి. ఆనాటి సామాన్య యంత్రాలలో అందులో పదోవంతు కూడా ఉండేది కాదు. పైగా ఆ ప్రాసెస్‌లలో అధికభాగం చేసే పని వేచి ఉండటమే. నెమ్మదైన టెలిఫోన్ తీగ మీద ఉన్న పాఠకుడు పేజీని అందుకొనేంత వరకు అతనికి కేటాయించిన ప్రాసెస్ మరొకరి మొహం చూడదు.

1999లో డాన్ కెగెల్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఈ చిక్కుకు ‘సి-10-కె’ సమస్య అని పేరుపెట్టాడు. ఏకకాలంలో పదివేల మంది గ్రాహకులను ఒకే యంత్రం ఆదరించగలదా అన్నది ప్రశ్న. యంత్రాల శక్తి అందుకు చాలుతుందనీ, అడ్డుపడుతున్నవి ప్రోగ్రాముల నిర్మాణ పద్ధతులేననీ ఆయన వాదం.

పెళ్లిలో పంక్తి భోజనాన్ని తలచుకొంటే విషయం సులువుగా బోధపడుతుంది. ప్రతి అతిథి వెనుక ఒక వడ్డించేవాడిని నిలబెట్టి, ఆ అతిథి చేయి కడుక్కొనేదాకా కదలవద్దంటే, వెయ్యి విస్తళ్లకు వెయ్యి మంది కావాలి. వారు నిలబడటానికే పందిరి చాలదు. ఏ పెళ్లివారూ అలా చేయరు. నలుగురైదుగురు చురుకైనవారు గిన్నెలు పట్టుకొని వరుస వెంట నడుస్తారు; ఏ విస్తరిలో ఏది అయిపోతే అది వడ్డించి ముందుకు సాగుతారు. ఇందులోనూ రెండు రీతులున్నవి. వరుస మొదటినుంచి చివరిదాకా ‘మీకేమైనా కావాలా’ అని ప్రతివారినీ అడుగుతూ పోవడం ఒకటి. పదిమంది ఉన్నచోట ఇది బాగుంటుంది. పదివేల మంది ఉన్నచోట అడగడంతోనే పొద్దు గడిచిపోతుంది. కావలసినవారు చేయెత్తితే, ఎత్తినవారి జాబితా మాత్రమే వడ్డించేవారికి అందించడం రెండవది. కంప్యూటరు పరిభాషలో మొదటి రీతికి ‘సెలెక్ట్’, ‘పోల్’ అనే పిలుపులు ఉదాహరణలు. రెండవ రీతిని 2000లో ఫ్రీ బీఎస్‌డీ నిర్వహణ వ్యవస్థలో ‘కెక్యూ’ అనే ఏర్పాటు, కొద్దికాలానికి లినక్స్ కెర్నెల్‌లో ‘ఈపోల్’ అనే ఏర్పాటు సాధ్యం చేసినవి.

మాస్కో నుంచి వచ్చిన రచన

ఈ సౌకర్యాలను పూర్తిగా వినియోగించుకొనే సర్వరును రచించినవాడు ఇగోర్ సిసోయెవ్. రాంబ్లర్ అనే రష్యన్ ఇంటర్నెట్ సంస్థలో ఆయన సిస్టమ్ నిర్వాహకుడు. 2002లో ప్రారంభించిన రచనను 2004 అక్టోబరు 4న లోకానికి విడుదల చేశాడు. సి భాషలో వ్రాసిన ఈ సర్వరులో యజమాని ప్రాసెస్ ఒకటి, దాని కింద కొద్దిపాటి కార్మిక ప్రాసెస్‌లు ఉంటాయి. సాధారణంగా యంత్రంలోని ప్రాసెసర్ కోర్‌లెన్నో కార్మికులూ అన్నే. ఒక్కొక్క కార్మికుడు వేలాది కనెక్షన్లను పంక్తిలో వడ్డించేవాడి వలె చూచుకొంటాడు. తెరచి ఉండి పని లేక వేచివున్న పదివేల కనెక్షన్లకు సుమారు 2.5 మెగాబైట్ల స్మృతి చాలునని దాని అధికారిక పత్రాలు తెలుపుతున్నవి. పైన వేసిన లెక్కతో దీనిని పోల్చినవారికి వ్యత్యాసం వేరే చెప్పనక్కరలేదు. అయితే ఇందులో ఒక నియమం ఉన్నది. వడ్డించేవాడు ఎక్కడా ఆగరాదు. డిస్కునుంచి పెద్ద ఫైలు చదివేటప్పుడు కార్మికుడు నిలిచిపోతే అతని వరుసలోని వేలమందీ నిలిచిపోతారు. ఈ లోపాన్ని తగ్గించడానికి 2015లో థ్రెడ్ పూల్ అనే ఏర్పాటు చేర్చబడింది.

సిసోయెవ్ తన రచనను రెండు నిబంధనల బీఎస్‌డీ లైసెన్సు కింద విడుదల చేశాడు. కర్తృత్వ ప్రకటనను చెరపకుండా ఉంచితే చాలు, ఎవరైనా దానిని చదువవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, అమ్మవచ్చు. ఈ అనుమతి విలువ ఎటువంటిదో 2019లో తెలిసివచ్చింది. 2011లో సిసోయెవ్ స్థాపించిన వాణిజ్య సంస్థను 2019లో ఎఫ్-5 అనే అమెరికన్ సంస్థ కొన్నది. అదే సంవత్సరం డిసెంబరులో, తన ఉద్యోగి తన వద్ద పనిచేస్తూ వ్రాసినది గనుక ఆ రచన తనదేనని రాంబ్లర్ వాదించడంతో, మాస్కోలోని కార్యాలయాన్ని పోలీసులు సోదా చేశారు. తరువాత ఆ క్రిమినల్ కేసును విరమించవలసిందిగా రాంబ్లరే కోరింది. 2022లో సిసోయెవ్ ఆ పని నుంచి తప్పుకొన్నాడు. అదే సంవత్సరం కొందరు పూర్వ రచయితలు ‘యాంజీ’ అనే శాఖను, 2024లో మరొక ప్రధాన రచయిత ‘ఫ్రీ ఇంజిన్ ఎక్స్’ అనే శాఖను ఆరంభించారు. యజమానులు మారినా, రచయితలు విడిపోయినా, అప్పటికే విడుదలైన మూలరచనను వాడుకొంటున్నవారు ఎవరి అనుమతికీ ఎదురుచూడవలసిన అవసరం కలగలేదు.

2015లో భారత ప్రభుత్వం ప్రకటించిన విధానం ప్రకారం ఈ-పరిపాలనా వ్యవస్థలలో ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వవలసి ఉన్నది. విధానం హక్కును కల్పిస్తుంది. మూలరచన తలుపు తెరిచే ఉన్నా లోపలికి వెళ్లి చూచినవారు లేకపోతే ఆ హక్కు కాగితం మీదనే ఉంటుంది. లోపలికి వెళ్లడానికి మొదటి మెట్టు నిర్మాణం.

అమరిక

మూలరచన ఒక కట్టగా కుదించబడి అధికారిక స్థలంలో లభిస్తుంది. దానితోపాటు రచయితల డిజిటల్ సంతకం కూడా ఉంటుంది. కట్టను విప్పక మునుపే సంతకాన్ని సరిచూడవలసి ఉంటుంది. ఇది చాలామంది దాటవేసే పని. రిజిస్టరు తపాలాలో వచ్చిన కవరు లక్క ముద్రను చూడకుండా చించడం వంటిది.

ఇక మూడు ఆదేశాలున్నవి: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. తొందరపడే విద్యార్థి మూడింటినీ ఒక మంత్రం వలె వరుసగా కొట్టి, చివర సర్వరు లేచిందా లేదా అని చూస్తాడు. నిజానికి మొదటి ఆదేశంలోనే అసలు నిర్ణయాలన్నీ ఉన్నవి. మిగిలిన రెండూ ఆ నిర్ణయాలను అమలుపరచేవి.

కాన్ఫిగర్ అనునది ఒక షెల్ లిపి. అది ముందుగా ఏ నిర్వహణ వ్యవస్థ, ఏ కంపైలర్ అని విచారిస్తుంది. తరువాత చిన్న చిన్న సి ప్రోగ్రాములను తానే వ్రాసి, కంపైల్ చేసి, ఈ యంత్రంలో ఈపోల్ ఉన్నదా, ఫైలును నేరుగా కెర్నెల్ నుంచే పంపే సెండ్‌ఫైల్ ఉన్నదా అని ఒక్కొక్కటిగా పరీక్షిస్తుంది. ఫలితాలు తెరమీద ‘దొరికింది’, ‘దొరకలేదు’ అని వరుసగా కనిపిస్తాయి. ఈ వరుసను చదవడం అలవాటు చేసుకొన్న విద్యార్థికి తన యంత్రం గురించి ఒక పాఠ్యపుస్తకం చెప్పనన్ని సంగతులు తెలుస్తాయి.

తరువాతవి లైబ్రరీలు. ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాలయం కాదు. అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొనే సిద్ధభాగాల భాండారం. ఇంజిన్ ఎక్స్‌కు ముఖ్యంగా మూడు కావాలి. చిరునామాలను ఒక నమూనాతో పోల్చి మార్చడానికి పీసీఆర్‌ఈ, పేజీలను కుదించి పంపడానికి జీలిబ్, రహస్య సంభాషణకు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్. పీసీఆర్‌ఈ దొరకకపోతే కాన్ఫిగర్ ఆగిపోయి, మూడు మార్గాలు సూచిస్తుంది: ఆ మాడ్యూల్‌ను వదులుకోవచ్చు, లైబ్రరీని యంత్రంలో స్థాపించవచ్చు, లేదా దాని మూలరచన ఉన్నచోటు చెబితే సర్వరుతోపాటే దానినీ నిర్మించవచ్చు. ఆగినందుకు కారణం, దానికి విరుగుడు రెండూ ఒకేచోట చెప్పే ఇటువంటి మర్యాద ప్రోగ్రాములలో అరుదు.

మాడ్యూళ్ల ఎంపిక అన్నిటికంటె ముఖ్యమైనది. సర్వరులోని ఒక్కొక్క సామర్థ్యం ఒక్కొక్క మాడ్యూల్. కొన్ని అడగకుండానే చేరుతాయి. వద్దనుకొంటే ‘లేకుండా’ అని చెప్పాలి. కొన్ని అడిగితేనే చేరుతాయి. రహస్య సంభాషణకు అవసరమైన ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ ఈ రెండవ జాబితాలోనిది. దానిని ‘కావాలి’ అని ప్రత్యేకంగా కోరాలి. నేటి వెబ్‌లో అది లేని సర్వరు దాదాపు నిరుపయోగమే గనుక, కొత్తవారు ఎక్కువగా పొరబడే చోటు ఇదే. నిర్మాణం సవ్యంగా ముగుస్తుంది, సర్వరు లేస్తుంది. తీరా సర్టిఫికెట్టు అమర్చబోయేసరికి ఆ మాడ్యూలే లేదని సర్వరు మొరాయిస్తుంది. అప్పుడు అమరిక ఫైలును ఎంత దిద్దినా ప్రయోజనం లేదు. కాన్ఫిగరేషన్ అన్న ఒకే మాట రెండు వేర్వేరు పనులకు వాడుకలో ఉండటం వల్ల వచ్చిన తికమక ఇది. నిర్మాణకాలపు అమరిక ఇంట్లో ఎన్ని గదులుండాలో నిర్ణయిస్తుంది. నడిచేకాలపు అమరిక ఉన్న గదులలో సామాను ఎక్కడ పెట్టాలో చెబుతుంది. లేని గదిలో మంచం వేయడం ఎవరితరమూ కాదు. 2016 నుంచి కొన్ని మాడ్యూళ్లను విడిగా నిర్మించి తరువాత జతచేసే వీలు కలిగింది గాని, అవి కూడా సర్వరు వెర్షనుకు, దాని నిర్మాణ నిర్ణయాలకు సరిపడి ఉండాలి.

మేక్ అన్నప్పుడు కంపైలర్ ఒక్కొక్క సి ఫైలును యంత్రభాషలోకి మార్చి, చివరకు అన్నిటినీ కలిపి ఒక్క ప్రోగ్రాముగా కూరుస్తుంది. ఇంజిన్ ఎక్స్ రచయితలు ఇందులో ఒక కఠిన నియమం పెట్టారు. జీసీసీ కంపైలర్ చేసే చిన్న హెచ్చరిక కూడా తప్పుగానే పరిగణించబడి నిర్మాణం ఆగిపోతుంది. అందువల్ల పాత మూలరచనను కొత్త కంపైలర్‌తో కట్టబోయినవారికి ఒక్కొక్కసారి నిరాశ తప్పదు. ఆ నియమాన్ని తొలగించి ముందుకు సాగమని సలహా ఇచ్చేవారున్నారు. కొత్త మూలరచనను తెచ్చుకోవడమే మంచిది. కంపైలర్ పెద్దమనిషి ఊరికే దగ్గడు.

రెండు హెచ్చరికలు

స్వయంగా నిర్మించుకొన్నవాడు తన సర్వరుకు వైద్యుడు కూడా తానే. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌ను రెండు విధాలుగా జోడించవచ్చు. యంత్రంలో ఉన్న ఉమ్మడి లైబ్రరీని నడిచేటప్పుడు వాడుకొనడం ఒకటి. లైబ్రరీ మూలరచనను ఇచ్చి సర్వరులోనే కరిగించివేయడం రెండవది. రెండవ విధానంలో కోరిన వెర్షను కోరినట్లు దొరుకుతుంది, వేగం మీద అదుపు ఉంటుంది. 2014 ఏప్రిల్ 7న ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడింది. దూరాన ఉన్న ఎవరైనా ఒక చిన్న సందేశం పంపి, సర్వరు స్మృతి నుంచి ఒక్కొక్కసారికి 64 కిలోబైట్ల వరకు లాగుకొనే వీలున్న లోపం అది. ఆ భాగంలో సంకేతపదాలుండవచ్చు, రహస్య తాళంచెవులే ఉండవచ్చు. ఉమ్మడి లైబ్రరీని వాడుతున్నవారు దానిని మార్చి సర్వరును తిరిగి లేపి, తాళంచెవులను మార్చుకొన్నారు. కరిగించుకొన్నవారికి ఉమ్మడి లైబ్రరీని మార్చినందువల్ల ఏమీ ఒరగదు. పాత లోపం తమ సర్వరు కడుపులోనే ఉన్నది. వారు మరల కాన్ఫిగర్ నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఎవరు ఎప్పుడు కట్టారో, ఏ వెర్షనును కలిపారో వ్రాసి ఉంచని కార్యాలయంలో అసలు ప్రమాదమున్నదన్న సంగతే తెలియదు.

రెండవ హెచ్చరిక ఇంజిన్ ఎక్స్‌కు సంబంధించినది కాదు; కాన్ఫిగర్ అనే మెట్టుకే సంబంధించినది. ఎక్స్‌జెడ్ అనునది ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్సు సాధనం. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తన యంత్రంలోకి దూరప్రవేశం చేసేటప్పుడు సుమారు అర సెకను ఆలస్యం జరుగుతున్నట్లు గమనించాడు. ఆ అర సెకను ఎందుకని కూపీ తీయగా, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దూరప్రవేశానికి దొంగదారి పెట్టబడినట్లు తేలింది. మార్చి 29న ఆయన దానిని బహిరంగపరిచాడు. ఆ దొంగదారి అమర్చిన తీరు గమనింపదగినది. హానికరమైన భాగం పరీక్షల కోసం ఉంచిన ఫైళ్లలో దాగి ఉన్నది. దానిని బయటికి తీసి కలిపే మీట మాత్రం అందరూ చూచే మూలరచనా భాండారంలో లేదు; విడుదల చేసిన కట్టలో మాత్రమే ఉన్నది, అదీ కాన్ఫిగర్ లిపికి సంబంధించిన ఒక ఫైలులో. అందరూ చదివిన రచన వేరు, అందరూ నిర్మించినది వేరు. సంతకం సరిచూచినా ఈ మోసం పట్టుబడదు. ఎందుకంటే సంతకం చేసే అధికారం ఉన్నవ్యక్తే దానిని పెట్టాడు.

సాధనాలు ఉత్పత్తి చేసే కాన్ఫిగర్ లిపులు వేలాది పంక్తులుంటాయి. వాటిని సామాన్యంగా ఎవరూ చదవరు. ఇంజిన్ ఎక్స్ కాన్ఫిగర్ లిపి మాత్రం మనుషులు చేతితో వ్రాసినది. ‘ఆటో’ అనే సంచికలో చిన్న చిన్న ఫైళ్లుగా ఉంటుంది. షెల్ భాష కొంత తెలిసిన డిగ్రీ విద్యార్థి ఓపికగా చదివితే బోధపడేంత సరళమైనది. ప్రయోగశాలలో ఈ సర్వరును పాఠంగా ఎంచుకోవడానికి దాని వేగంకన్న ఇదే మంచి కారణం.

నడక

మేక్ ఇన్‌స్టాల్ ప్రోగ్రామును నిర్ణయించిన చోట నిలుపుతుంది. అంతకుముందు అక్కడ పాత ప్రోగ్రాము ఉంటే దానిని చెరపక, పేరు చివర ‘ఓల్డ్’ అని చేర్చి పక్కన ఉంచుతుంది. నడిచేకాలపు అమరికలో కార్మికుల సంఖ్య, ఒక్కొక్కరు చూడగల కనెక్షన్ల సంఖ్య ముఖ్యం. నలుగురు కార్మికులు, ఒక్కొక్కరికి 1024 చొప్పున అంటే మొత్తం 4096. కాని సర్వరు తాను జవాబు చెప్పక వెనుకనున్న మరొక యంత్రానికి అందించే మధ్యవర్తిగా ఉంటే, ఒక్కొక్క గ్రాహకునికి ఈవలొకటి, ఆవలొకటి రెండు కనెక్షన్లు కావాలి. ఆదరించగలిగేది సుమారు 2048 మందినే. ఆ సంఖ్యను లక్షకు పెంచి వ్రాసినంత మాత్రాన పని జరగదు. ఒక ప్రాసెస్ ఎన్ని ఫైళ్లు తెరవవచ్చునో లినక్స్ వేరే హద్దు పెడుతుంది. అది సాధారణంగా 1024 మాత్రమే. ఆ హద్దును కూడా పెంచాలి. ఇవేవీ చూడకుండా కంపైలర్‌కు రకరకాల వేగపు మీటలు నొక్కేవారు ప్రధాన ద్వారం మూసి కిటికీలు వెడల్పు చేసేవారి వంటివారు. ఫలితాల రోజున వెనుకనున్న డేటాబేస్ నెమ్మదిస్తే ముందున్న సర్వరు ఎంత చురుకైనదైనా పేజీ రాదన్నది కూడా గుర్తుంచుకోదగినదే.

కొత్తగా కట్టిన ప్రోగ్రామును పాతదాని స్థానంలో పెట్టడానికి సర్వరును ఆపనక్కరలేదు. పాత యజమానికి ‘యూఎస్ఆర్-2’ అనే సంకేతం పంపితే, అది తన చేతిలోని వినికిడి ద్వారాలను అప్పగిస్తూ కొత్త యజమానిని లేపుతుంది. కొంతసేపు రెండూ కలిసి పనిచేస్తాయి. ‘విన్చ్’ అనే సంకేతంతో పాత కార్మికులు తమ చేతిలోని గ్రాహకులను ముగించుకొని మెల్లగా తప్పుకొంటారు. కొత్తది సవ్యంగా నడుస్తున్నదని నిశ్చయించుకొన్న తరువాతనే పాత యజమానికి ‘క్విట్’ చెప్పాలి. ఏదైనా తేడా కనిపిస్తే పాత యజమాని ఇంకా మేల్కొనే ఉన్నాడు. అతని చేత పాత కార్మికులను తిరిగి పిలిపించవచ్చు. ఎదుటనున్న పాఠకునికి ఇందులో ఏదీ తెలియదు.

ఏళ్లు గడిచిన తరువాత ఆ యంత్రం ముందుకు మరొక ఉద్యోగి వస్తాడు. కట్టినవారు బదిలీ అయివుంటారు, వ్రాసిపెట్టిన కాగితం దొరకదు. సర్వరు పేరు కొట్టి పక్కన చిన్న గీత, ఆంగ్ల పెద్దబడి ‘వి’ అక్షరం చేరిస్తే, ఏ వెర్షను, ఏ కంపైలర్, ఏ ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్, కాన్ఫిగర్‌కు ఆనాడు ఇచ్చిన ప్రతి మాట వరుసగా తెరమీదకు వస్తాయి. ఆ వరుసను యథాతథంగా తీసుకొని, కొత్త మూలరచన మీద మరల కాన్ఫిగర్ నడిపి, అతను తన పని మొదలుపెట్టవచ్చు.